యాభై వేలలో ల్యాప్‌టాప్: బ్యాటరీ, వైఫై ఎలా చూడాలి?

కాలేజీలు తెరిచే రోజులు కావడంతో ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ల్యాప్‌టాప్ గురించే. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం. ధరలన్నీ సుమారు లెక్కలే. షాపును బట్టి, నెలను బట్టి మారతాయి.

ప్ర: మా అమ్మాయికి సీఎస్‌ఈలో సీటొచ్చింది. 50 వేల దాకా పెట్టగలం. ఒక షాపులో ‘రైజెన్ 5, 8 జీబీ’ 38 వేలకు, ఇంకోచోట ‘ఐ5, 16 జీబీ’ 52 వేలకు చూపించారు. రెండూ ‘5’ అయినప్పుడు ఇంత తేడా ఏమిటి?
– ఒక తండ్రి, నరసరావుపేట

జ: ‘5’ దగ్గర ఆగిపోకుండా దాని పక్కనున్న పూర్తి నంబరు అడిగి కాగితం మీద రాయించుకోండి. 38 వేలది రైజెన్ 5 7520యూ అయ్యే అవకాశం ఎక్కువ. రైజెన్‌లను తయారుచేసే ఏఎండీ కంపెనీ 7000 వరుసలో అసలు సంగతి మూడో అంకెలో ఉంటుంది. 7520లో అది 2, అంటే చిప్ డిజైన్ జెన్ 2. 2019లో వచ్చిన డిజైన్ అది. 7530లో 3, అంటే జెన్ 3. 7640లో 4, అంటే జెన్ 4. పేరు చూస్తే 7520యూ, 7530యూ అక్కాచెల్లెళ్లలా కనిపిస్తాయి గానీ మొదటిదానిలో 4 కోర్లు, రెండోదానిలో 6. దానికి తోడు 7520యూతో వచ్చే ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది. ఈరోజు 8 జీబీ కొంటే నాలుగేళ్ల తర్వాతా 8 జీబీయే. ఈ అంకెల సూత్రం ‘రైజెన్ ఏఐ’ అని మొదలయ్యే కొత్త పేర్లకు వర్తించదు.

ఇంటెల్‌లో, అంటే ఐ5ల్లో, చివరి అక్షరం చూడాలి. ‘యూ’ అంటే తక్కువ కరెంటు తినే 15 వాట్ల తరగతి, ‘హెచ్’ అంటే వేగం కోసం ఎక్కువ తినే 45 వాట్ల తరగతి. మీకు చూపించిన 52 వేలది ఐ5-12450హెచ్ గానీ 13420హెచ్ గానీ అయితే వేగానికి ఢోకా లేదు. కానీ దాన్ని 42 వాట్‌అవర్ల (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) చిన్న బ్యాటరీతో జతకట్టి అమ్ముతుంటారు. అప్పుడు మధ్యాహ్నం ల్యాబ్‌కల్లా ప్లగ్ కోసం వెతుక్కోవాలి. హాస్టల్ గదిలో బల్ల మీదే పెట్టి వాడేవారికి హెచ్ బాగుంటుంది. రోజూ బ్యాగులో వేసుకుని బస్సెక్కేవారికి యూ తీసుకోండి.

సీఎస్‌ఈకి 16 జీబీ ర్యామ్ కావాల్సిందే. యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో, దాని ఎమ్యులేటర్ (తెర మీద నడిచే నకిలీ ఫోన్), పక్కన బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తెరిస్తే 8 జీబీ అక్కడికే అయిపోతుంది. బడ్జెట్ కుదరకపోతే ‘8 జీబీ బోర్డు మీద, ఒక స్లాట్ ఖాళీ’ అని ఉన్న మోడల్ తీసుకుని తర్వాత ఇంకో 8 జీబీ వేయించండి. రెండో ముక్క పడ్డాక బొమ్మల పని కూడా వేగం పుంజుకుంటుంది, ఎందుకంటే విడి గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రాలు ర్యామ్‌నే వాడుకుంటాయి. ర్యామ్ రకం దగ్గర ‘ఎల్‌పీడీడీఆర్’ అని ఉంటే మాత్రం అతికించినట్టే లెక్క, స్లాట్ ఆశ పెట్టుకోవద్దు.

డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చుకునేందుకు ఒక దారి ఉంది. తర్వాత మార్చలేనివాటి మీద ముందే పెట్టండి. ప్రాసెసర్, తెర, అతికించిన ర్యామ్, యూఎస్‌బీ-సీ ఛార్జింగ్ ఇవి మారవు. ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ మారుతుంది. అందుకే 512 జీబీ, 1 టీబీ మధ్య ఊగిసలాడకండి, 512 చాలు. తెర విషయంలో చౌక మోడళ్లు ఎక్కువగా 250 నిట్‌లు (వెలుతురు కొలత), 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (రంగుల కొలత) దగ్గరే ఆగుతాయి. గదిలో సరిపోతుంది, కిటికీ పక్కన కళ్లు చికిలించాల్సి వస్తుంది. 300 నిట్‌ల ఐపీఎస్ తెర దొరికితే రెండు వేలు ఎక్కువైనా తీసుకోండి. టీఎన్ తెర అయితే వద్దు, పక్కనుంచి చూస్తే రంగులు మారిపోతాయి.

ఎమ్మార్పీ మీద 40 శాతం తగ్గింపు అన్న బోర్డును పట్టించుకోకండి. ఆ ఎమ్మార్పీకి ఎవరూ అమ్మరు. అదే పూర్తి మోడల్ నంబరుకు రెండు చోట్ల ధర కనుక్కుంటే చాలు. ఆగస్టు 15, దసరా–దీపావళి, జనవరి 26 అమ్మకాల్లో అసలు తగ్గింపు ఎక్కువగా బ్యాంకు కార్డు రూపంలో ఉంటుంది. ఆ కార్డు మీ దగ్గరో, మీ బంధువుల దగ్గరో ఉందో లేదో చూసుకోండి. 18 శాతం జీఎస్టీ ధరలో కలిసే ఉంటుంది. మీకు వ్యాపార జీఎస్టీ నంబరు ఉండి, యంత్రం వ్యాపారానికే కొంటుంటే ఆ నంబరుతో బిల్లు రాయించుకోండి, ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది. యంత్రంతో పాటు ‘జీవితకాలం ఎంఎస్ ఆఫీస్’ వస్తే ఇంటికెళ్లిన మొదటి వారంలోనే మీ సొంత మైక్రోసాఫ్ట్ ఖాతాతో యాక్టివేట్ చేయండి. దానికి గడువు ఉంటుంది. షాపు కుర్రాడి ఖాతాతో చేయించుకున్నారో, ఆఫీస్ అతనిదే అవుతుంది.

ప్ర: బాక్సు మీద ‘10 గంటల బ్యాటరీ’ అని ఉంది. కొత్త ల్యాప్‌టాప్ నాలుగు గంటలకే ఆగిపోతోంది. బ్యాటరీ పాడైనది ఇచ్చారా?
– బీటెక్ విద్యార్థి, హనుమకొండ

జ: బ్యాటరీ బాగానే ఉండి ఉంటుంది. ఆ 10 గంటలు ఏ షరతుల మీద వచ్చాయన్నదే ప్రశ్న. ఇలాంటి పరీక్షల్లో సాధారణంగా తెర వెలుతురు 150 నిట్‌ల చుట్టుపక్కల పెట్టి, డిస్కులో ఉన్న వీడియోను ఆపకుండా నడుపుతారు. వీడియో చూపించడానికి చిప్‌లో విడిగా ఒక భాగం ఉంటుంది, అది చాలా తక్కువ కరెంటు తింటుంది. మీరు చేసే పనిలో ఆ సుఖం లేదు.

గంటలను పక్కనపెట్టి వాట్‌అవర్లు చూడండి. అడుగున ఉన్న స్టిక్కర్ మీదో, బ్యాటరీ మీదో ఆ అంకె ఉంటుంది. వోల్టులు, మిల్లీయాంపియర్ అవర్లు మాత్రమే ఇస్తే రెండింటినీ గుణించి వెయ్యితో భాగించండి. 11.4 వోల్టులు, 3,600 మిల్లీయాంపియర్ అవర్లు అంటే 41 వాట్‌అవర్లు. మార్కెట్లో చౌక యంత్రాల్లో 36 నుంచి 42, మధ్యరకంలో 47 నుంచి 60, పైరకంలో 70 ఆపైన ఉంటాయి.

ఇక ఖర్చు. యూ తరగతి ప్రాసెసర్‌తో వెలుతురు సగంలో ఉంచి వర్డ్‌లో టైపు చేస్తుంటే 6–7 వాట్లు. బ్రౌజర్‌లో తిరుగుతుంటే 8–10. కెమెరా వేసి ఆన్‌లైన్ క్లాసులో కూర్చుంటే 12–15. ప్రోగ్రాం కంపైల్ చేస్తుంటే 25 దాటుతుంది. విండోస్ చివరి 5 శాతం దగ్గరే యంత్రాన్ని నిద్రపుచ్చుతుంది కాబట్టి 41లో చేతికొచ్చేది 38, 39 మాత్రమే. దాన్ని 10తో భాగిస్తే మీ నాలుగు గంటలు వచ్చాయి చూడండి. కొనేముందే ఈ భాగహారం చేసుకుంటే బాక్సు మీద ఏం రాసినా ఫర్వాలేదు.

అయినా అనుమానం ఉంటే లెక్క తీయండి. స్టార్ట్ మీద కుడి క్లిక్ చేసి టెర్మినల్ తెరవండి. ‘పవర్’ అన్న ఇంగ్లిష్ పదం, దానికి అంటుకుని సి, ఎఫ్, జి అక్షరాలు, తర్వాత ఒక ఖాళీ, ఒక స్లాష్, దాని వెంటే ఖాళీ లేకుండా ‘బ్యాటరీరిపోర్ట్’ అని ఇంగ్లిష్‌లో కొట్టి ఎంటర్ నొక్కండి. ఫైలు ఎక్కడ పెట్టిందో అదే చెబుతుంది. బ్రౌజర్‌లో తెరిస్తే ‘డిజైన్ కెపాసిటీ’, ‘ఫుల్ ఛార్జ్ కెపాసిటీ’ అని రెండు అంకెలు కనిపిస్తాయి. కొత్త యంత్రంలో రెండోది మొదటిదానికి 95 శాతం పైన ఉండాలి. మొదటి నెలలోనే 85 కిందికి పడితే ఆ పేజీ ముద్రించుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. వాదించాల్సిన పని ఉండదు. ల్యాప్‌టాప్‌కు రెండు మూడేళ్ల వారంటీ ఉన్నా బ్యాటరీకి చాలామంది ఒక్క ఏడాదే ఇస్తారని గుర్తుంచుకోండి.

గంట, గంటన్నర అదనంగా రావాలంటే ముందు వెలుతురు తగ్గించండి, ఎక్కువ మిగిలేది అక్కడే. 120 లేదా 144 హెర్ట్జ్ తెర అయితే బ్యాటరీ మీద ఉన్నప్పుడు 60కి దించండి. సెట్టింగ్స్‌లో పవర్ మోడ్‌ను ‘బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీ’కి మార్చండి. వైఫై ఆపితే మిగిలేది ఒక వాటు లోపే, దానికోసం ఇబ్బంది పడక్కర్లేదు.

ప్ర: పడకగదిలో నా ఫోన్‌కు 90 ఎంబీపీఎస్ వస్తుంది. అదే మంచం మీద ల్యాప్‌టాప్‌కు 15 దాటదు. నెట్ కంపెనీవాళ్లు తమ తప్పేమీ లేదంటున్నారు.
– గృహిణి, కరీంనగర్

జ: ఫోన్‌కు 90 వస్తోందంటే వాళ్లు చెప్పింది నిజమే. చూడాల్సింది ల్యాప్‌టాప్‌లోని వైఫై కార్డును. ధర తగ్గించాల్సి వచ్చినప్పుడు కంపెనీలు ముందు కోత పెట్టే చోట్లలో అదొకటి, ఎందుకంటే దాన్ని అడిగి కొనేవారు లేరు.

ముందు మీ కనెక్షన్ ఏ దారిలో ఉందో తెలుసుకోండి. సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, అక్కడ మీ నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌లోకి వెళ్తే ‘నెట్‌వర్క్ బ్యాండ్’ (2.4 లేదా 5 గిగాహెర్ట్జ్), ‘లింక్ స్పీడ్’ (రౌటర్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య వేగం, ఎంబీపీఎస్‌లో) ఉంటాయి. రౌటర్ ఉన్న గదిలోనే నిలబడి చూడండి. లింక్ స్పీడ్ 72 అని ఉంటే 2.4 గిగాహెర్ట్జ్, ఒకే యాంటెన్నా. 144 అయితే అదే బ్యాండ్, రెండు యాంటెన్నాలు. 433 అయితే 5 గిగాహెర్ట్జ్, వైఫై 5, ఒకే యాంటెన్నా. 867 అయితే అదే, రెండు యాంటెన్నాలు. 1201 అయితే వైఫై 6, రెండు యాంటెన్నాలు. చేతికొచ్చే వేగం లింక్ స్పీడ్‌లో సుమారు సగం. గోడ అడ్డొస్తే ఇంకా తగ్గుతుంది.

మీకు 72 కనిపిస్తే రెండు కారణాలు. కార్డులో అసలు 5 గిగాహెర్ట్జ్ లేకపోవచ్చు, ఉండి కూడా పట్టుకోకపోవచ్చు. చాలా రౌటర్లు రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెడతాయి. 2.4 సిగ్నల్ దూరం వెళ్తుంది కాబట్టి ల్యాప్‌టాప్ దాన్నే పట్టుకుని వేలాడుతుంది. డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ మీద రెండుసార్లు క్లిక్ చేసి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ‘ప్రిఫర్డ్ బ్యాండ్’ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. అక్కడ లేకపోతే రౌటర్ సెట్టింగుల్లో 5 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు పెట్టి దానికే కలపండి. రెండు ఇటుక గోడలు దాటాక 5 గిగాహెర్ట్జ్ బలహీనపడుతుంది. అప్పుడు 2.4 మీదే ఉండి, రౌటర్ ఛానెల్‌ను 1, 6, 11లో ఖాళీగా ఉన్నదానికి మార్చండి. అపార్ట్‌మెంట్‌లో ఈ ఒక్క మార్పుతోనే తేడా కనిపిస్తుంది.

ఇంకో చిన్న విషయం. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కును యూఎస్‌బీ 3 పోర్టుకు తగిలించినప్పుడే నెట్ నెమ్మదిస్తోందా, వైర్‌లెస్ మౌస్ తడబడుతోందా? యూఎస్‌బీ 3 తీగలు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ రేడియో చప్పుడు చేస్తాయి. డిస్కును అవతలి వైపు పోర్టుకు మార్చండి, లేదా వైఫైని 5కి మార్చండి.

కార్డు మార్పించడం కుదురుతుంది గానీ మూడు చోట్ల తప్పు జరుగుతుంది. మొదటిది, పలుచని మోడళ్లలో కార్డు బోర్డుకే అతికి ఉంటుంది. అలాంటప్పుడు మార్చలేం. రెండోది, ఇంటెల్ ఏఎక్స్ 201, 211 కార్డులు ఇంటెల్ ప్రాసెసర్ల దగ్గరే పనిచేస్తాయి. రైజెన్ యంత్రానికి ఏఎక్స్ 200 లేదా 210 కావాలి. ఒక్క అంకె తేడాతో డబ్బు వృథా. మూడోది, ఒకే యాంటెన్నా కార్డుతో వచ్చిన మోడళ్లలో లోపల తీగ కూడా ఒక్కటే ఉండొచ్చు. రెండు యాంటెన్నాల కార్డు కొని బిగించినా రెండో కాలు గాల్లోనే. అడుగు మూత తీసి తీగలు లెక్కపెట్టిన తర్వాతే కార్డు కొనమనండి. ఆ తీగ చివరి మెటల్ టోపీ చాలా సున్నితం, నాలుగైదుసార్లు పీకి పెడితే వదులవుతుంది. కార్డుకు 2 వేల లోపు అవుతుంది. ఇదంతా పనికాదనుకుంటే 5 గిగాహెర్ట్జ్ ఉన్న యూఎస్‌బీ వైఫై డాంగిల్ (పోర్టుకు తగిలించే చిన్న ముక్క) వెయ్యి, పదిహేను వందలకు దొరుకుతుంది. రూపం బాగోదు, పని మాత్రం చేస్తుంది.

ప్ర: వైఫై 7 ఉన్న ల్యాప్‌టాప్ కోసం ఐదు వేలు ఎక్కువ పెట్టొచ్చా?
– ఉద్యోగి, విశాఖపట్నం

జ: మీ రౌటర్ వైఫై 5 అయితే ల్యాప్‌టాప్ కూడా వైఫై 5 లాగే నడుస్తుంది. ఆ ఐదు వేలు ర్యామ్‌కు పెట్టండి. రెండు యాంటెన్నాల వైఫై 6 ఉంటే 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కు కూడా చాలు.

ప్ర: ఎప్పుడూ ఛార్జర్ పెట్టి ఉంచితే బ్యాటరీ పోతుందా? నా పాత ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ పైకి లేచింది.
– ప్రైవేటు ఉపాధ్యాయుడు, అనంతపురం

జ: ముందు పాతదాని సంగతి. టచ్‌ప్యాడ్ పైకి లేచిందంటే కింద బ్యాటరీ ఉబ్బింది. ఛార్జింగ్ వెంటనే ఆపండి, వాడటం మానేయండి, వేలితో నొక్కి లోపలికి పంపే ప్రయత్నం చేయొద్దు. చిల్లు పడితే మంట వస్తుంది. మెకానిక్‌తోనే తీయించి, పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవారికి ఇవ్వండి.

లిథియం బ్యాటరీకి రెండు శత్రువులు: వేడి, నూరు శాతం దగ్గర రోజుల తరబడి నిలబడటం. మే నెల అనంతపురంలో రెండూ కలిస్తే రెండేళ్లలో ఈ గతే. ఛార్జర్ పెట్టి ఉంచడంలో తప్పు లేదు, 80 శాతం దగ్గర ఆగేలా చేస్తే సరిపోతుంది. లెనోవోలో వాంటేజ్ యాప్‌లో ‘కన్సర్వేషన్ మోడ్’, ఆసుస్‌లో మైఆసుస్ యాప్‌లో బ్యాటరీ కేర్, ఏసర్‌లో కేర్ సెంటర్ లేదా ఏసర్‌సెన్స్. డెల్‌లో బయోస్‌లో (విండోస్‌కు ముందే తెరుచుకునే సెట్టింగుల పేజీ) ‘ప్రైమరీలీ ఏసీ యూజ్’. హెచ్‌పీలో ఈ సౌకర్యం ఎక్కువగా ఆఫీసు మోడళ్లలో, బయోస్‌లో ఉంటుంది. ప్రయాణం ఉన్న రోజు ముందు రాత్రి మాత్రం దాన్ని తీసేసి నూరుకు ఎక్కించుకోండి. పరుపు మీద, దుప్పటి మీద పెట్టి వాడకండి, గాలి లోపలికి వెళ్లే దారి అడుగునే ఉంటుంది.

ప్ర: మా ఊళ్లో కేబుల్ నెట్ లేదు, ఫోన్ హాట్‌స్పాటే ఆధారం. కరెంటు కూడా పోతూ ఉంటుంది. ఇంటి నుంచి పని చేయాలి. ఎలాంటి ల్యాప్‌టాప్ తీసుకోవాలి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, పలాస దగ్గరి గ్రామం నుంచి

జ: మీకు ప్రాసెసర్ కంటే ముందు చూడాల్సింది యూఎస్‌బీ-సీ ఛార్జింగ్. చౌక ల్యాప్‌టాప్‌లలో సీ పోర్టు ఉన్నా అది డేటాకు మాత్రమే, ఛార్జింగ్‌కు గుండ్రటి పిన్ వేరే ఉంటుంది. స్పెసిఫికేషన్లలో ఆ పోర్టు పక్కన ‘పవర్ డెలివరీ’ అని ఉండాలి. అది ఉంటే 65 వాట్ల పవర్ బ్యాంక్ తగిలించుకోవచ్చు. 20,000 మిల్లీయాంపియర్ అవర్ల పవర్ బ్యాంక్ అంటే లోపల 3.7 వోల్టుల లెక్కన 74 వాట్‌అవర్లు. మార్పిడిలో పోయింది పోగా 60 దాకా ల్యాప్‌టాప్‌కు చేరుతుంది. మీ 50 వాట్‌అవర్ల బ్యాటరీకి మరో నిండు ఛార్జింగ్ అన్నమాట. ఫోన్ల కోసం అమ్మే 22.5 వాట్ల పవర్ బ్యాంకులు చాలావాటితో ల్యాప్‌టాప్ అసలు ఛార్జింగే మొదలుపెట్టదు. అంకె చూసి కొనండి.

నెట్ కోసం హాట్‌స్పాట్ కంటే యూఎస్‌బీ టెథరింగ్ మేలు. ఫోన్‌ను డేటా కేబుల్‌తో తగిలించి, ఫోన్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. మధ్యలో వైఫై గొడవ ఉండదు, ఫోన్ కూడా ఛార్జ్ అవుతుంది. సిగ్నల్ కిటికీ దగ్గరే వస్తుందనుకుంటే ఫోన్‌ను అక్కడ పెట్టి హాట్‌స్పాట్ వాడాల్సిందే. అప్పుడు హాట్‌స్పాట్ బ్యాండ్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. ఏ దారైనా విండోస్‌లో ఆ కనెక్షన్‌ను ‘మీటర్డ్’ (డేటా పరిమితి ఉన్నది) అని గుర్తు పెట్టండి. లేకపోతే మీరు మీటింగ్‌లో ఉండగా వెనకాల అప్‌డేట్ దిగి రోజు కోటా 2 జీబీ మింగేస్తుంది. వీడియో మీటింగ్‌కే గంటకు 1 జీబీ చుట్టూ పోతుంది. కెమెరా ఆపితే చాలా మిగులుతుంది.

రేపు ఫైబర్ వచ్చిందనుకోండి, కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ నడుస్తుంది, రౌటర్ ఆగిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక ‘యూపీఎస్’ మీట ఉందేమో చూసి అటు వేయండి. మామూలు మోడ్‌లో మారే క్షణంలో రౌటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది, మీటింగ్ తెగిపోతుంది. ఇన్వర్టర్ లేకపోతే రౌటర్ మినీ యూపీఎస్ వెయ్యి నుంచి పద్దెనిమిది వందల మధ్య దొరుకుతుంది. రౌటర్ అడాప్టర్ మీద 12 వోల్టులా, 9 వోల్టులా అన్నది చూసి అదే తీసుకోవాలి.

ప్ర: పాతిక వేలలో సెకండ్ హ్యాండ్ కొనడం మంచిదా, చౌక కొత్తదా?
– డిగ్రీ విద్యార్థిని, నిజామాబాద్

జ: ఈ బడ్జెట్‌లో కొత్తవి సెలెరాన్ లాంటి చౌక ప్రాసెసర్‌తో, 4 లేదా 8 జీబీ ర్యామ్‌తో, ఒక్కోసారి ఎస్‌ఎస్‌డీకి బదులు నెమ్మదైన ఈఎంఎంసీతో వస్తాయి. వాటికంటే ఆఫీసుల్లో వాడి, బాగుచేసి మళ్లీ అమ్మే రీఫర్బిష్డ్ మేలు. లెనోవో థింక్‌ప్యాడ్ టీ480, డెల్ లాటిట్యూడ్ 7490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5 ఆ కోవలోవి. మూడూ ఇంటెల్ 8వ తరం ఐ5 లేదా ఐ7తో దొరుకుతాయి. 8వ తరం అన్నది ముఖ్యం. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11ను అధికారికంగా వేసుకోవాలంటే 8వ తరం ఉండాలి. 6, 7 తరాలవి ఎంత చౌకగా ఇచ్చినా వద్దు. టీ480కి లోపల 24 వాట్‌అవర్లు, బయట తీసి పెట్టుకునే ఇంకో బ్యాటరీ ఉంటాయి. బయటిది 72 వాట్‌అవర్లది వేసుకుంటే చాలా కొత్త ల్యాప్‌టాప్‌లు కూడా అందుకోలేవు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట కొంటుంటే డబ్బివ్వకముందే అక్కడే ఇవి చేయండి. పైన చెప్పిన బ్యాటరీ రిపోర్టు తీయించండి. ఫుల్ ఛార్జ్ కెపాసిటీ డిజైన్‌లో 60 శాతం కంటే తక్కువుంటే కొత్త బ్యాటరీకయ్యే మూడు నాలుగు వేలు ధరలో తగ్గించమనండి. ఆన్ చేసి బయోస్‌లోకి వెళ్లండి. అక్కడ పాస్‌వర్డ్ అడిగితే వదిలేయండి, పాత కంపెనీ తాళం అది, తర్వాత మీ ప్రాణం తీస్తుంది. ప్రతి కీ నొక్కి చూడండి. మీ ఫోన్ 5 గిగాహెర్ట్జ్ హాట్‌స్పాట్‌కు కలిపి లింక్ స్పీడ్ చూడండి. తెర తెరిచి మూసి, కదిపినప్పుడు వైఫై తెగిపోతే తెర మడతబందు దగ్గర యాంటెన్నా తీగ నలిగిందని అర్థం. సీరియల్ నంబరు ఉన్న బిల్లు లేకుండా బయటికి రావద్దు.

ప్ర: రాత్రి 80 శాతంతో మూత వేసి బ్యాగులో పెడితే పొద్దునకు 60 అవుతోంది, బ్యాగు వేడిగా కూడా ఉంటోంది.
– ఉద్యోగి, గచ్చిబౌలి

జ: ఇప్పటి ల్యాప్‌టాప్‌లు మూత వేస్తే పూర్తిగా నిద్రపోవు. ఫోన్‌లాగా వైఫై పట్టుకుని మెయిళ్లు, అప్‌డేట్లు చూస్తూ ఉంటాయి. ఏదో ప్రోగ్రాం మధ్యలో లేపితే బ్యాగులోనే ఫ్యాన్ తిరుగుతుంది. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, ‘చూజ్ వాట్ క్లోజింగ్ ద లిడ్ డజ్’లో హైబర్నేట్ ఎంచుకోండి. ఆ మాట జాబితాలో లేకపోతే అదే పేజీలో పైనున్న ‘చేంజ్ సెట్టింగ్స్’ లింకు నొక్కి కింద టిక్ పెట్టండి. లేచేందుకు పది, పదిహేను సెకన్లు పడుతుంది. రాత్రంతా పోయేది దాదాపు సున్నా.

ప్ర: స్నాప్‌డ్రాగన్ ల్యాప్‌టాప్‌లకు బ్యాటరీ రోజంతా వస్తుందట. నేను జీఎస్టీ, ఐటీ రిటర్నులు వేస్తుంటాను. తీసుకోవచ్చా?
– ట్యాక్స్ కన్సల్టెంట్, రాజమహేంద్రవరం

జ: బ్యాటరీ మాట నిజం, మీకు మాత్రం వద్దు. అవి ఆర్మ్ చిప్‌లు, ఇంటెల్, ఏఎండీలకు భిన్నమైన రకం. మామూలు విండోస్ ప్రోగ్రాములను అనువదించి నడిపిస్తాయి గానీ డ్రైవర్లను (ప్రింటర్ లాంటి పరికరాలను విండోస్‌తో కలిపే ప్రోగ్రాములను) అలా నడపలేవు. డ్రైవర్‌ను ఆర్మ్ కోసం విడిగా రాయాలి. మీ డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, పాత ప్రింటర్, డాంగిల్‌తో నడిచే డీటీపీ సాఫ్ట్‌వేర్, వేలిముద్ర యంత్రం ఇవన్నీ డ్రైవర్ మీద ఆధారపడేవే. ఆర్మ్ డ్రైవర్ ఉందని తయారీదారు రాసి చూపిస్తేనే ఆలోచించండి. అంత బ్యాటరీ, పాత సాఫ్ట్‌వేర్ రెండూ కావాలంటే ఇంటెల్ కోర్ అల్ట్రా 200 వరుసలో చివర ‘వీ’ అక్షరం ఉన్నవి చూడండి. ర్యామ్ చిప్‌తోనే కలిసి వస్తుంది, 16 లేదా 32 జీబీ, తర్వాత పెంచలేరు. ధర 80 వేలు దాటుతుంది.

ప్ర: సివిల్ ఇంజినీరింగ్‌కు మ్యాక్‌బుక్ ఎయిర్ తీసుకోవాలని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు.
– తల్లి, కడప

జ: బ్యాటరీలో, వైఫైలో దానికి వంక పెట్టలేం. కానీ సివిల్‌లో వాడే స్టాడ్ ప్రో, రెవిట్ సాఫ్ట్‌వేర్లు విండోస్ మీదే నడుస్తాయి. యాపిల్ సొంత ఎం చిప్‌ల మ్యాక్‌లలో విండోస్‌ను నేరుగా వేసుకునే బూట్ క్యాంప్ లేదు. మెకానికల్ వాళ్లకూ సాలిడ్‌వర్క్స్ విషయంలో ఇదే ఇబ్బంది. సీఎస్‌ఈ అయితే మరో మాట.

ప్ర: డాలస్‌లో ఉన్న మా అబ్బాయి వస్తూ ల్యాప్‌టాప్ తెస్తానంటున్నాడు. లాభమేనా? కస్టమ్స్ కడతామా?
– విశ్రాంత ఉద్యోగి, గుంటూరు

జ: 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. తన సొంత ల్యాప్‌టాప్ కూడా వెంట ఉంటే రెండోదాని సంగతి కస్టమ్స్ నిబంధనల్లో ముందే చూసుకోమనండి. అక్కడ బోర్డు మీది ధరకు అమ్మకపు పన్ను విడిగా పడుతుంది, డాలస్‌లో 8.25 శాతం. దాన్ని కలిపి, ఆనాటి డాలరు ధరతో లెక్కేశాక ఇక్కడి పండుగ ధరతో పోల్చండి. 10 వేల లోపు తేడా అయితే ఇక్కడే కొనండి, ఎందుకంటే వారంటీ. కొన్ని మోడళ్లకు అది కొన్న దేశానికే పరిమితం. కొనేముందు ఆ మోడల్ వారంటీ షరతుల్లో భారత్ ఉందో లేదో అబ్బాయిని చదవమనండి. ఛార్జర్‌కు ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, దాని మీద 100–240 వోల్టులు అని రాసి ఉంటుంది. ఛార్జర్ డబ్బా నుంచి గోడకు వెళ్లే తీగ విడిగా ఊడి వచ్చే రకమైతే ఆ తీగ ఒక్కటే మన మూడు పిన్నులది 150–200 రూపాయలకు కొనుక్కోండి. ల్యాప్‌టాప్‌ను, పవర్ బ్యాంకును చేతి సంచిలోనే పెట్టుకురమ్మనండి. పవర్ బ్యాంకును చెక్-ఇన్ సామానులో వేయనివ్వరు, 100 వాట్‌అవర్లు దాటితే చేతి సంచిలోకి కూడా విమాన సంస్థ అనుమతి కావాలి.